పేరు మారిన జబ్బులు

పిచ్చి అనే మాట నోట పలకకుండానే ఆ సంగతి చెప్పుకోవడానికి మన తెలుగువాళ్లకు ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క పేట పేరు ఉన్నది. హైదరాబాదువారు ఎర్రగడ్డ అంటారు. విశాఖపట్నంవారు చినవాల్తేరు అంటారు. మద్రాసు బంధువులు కీల్పాక్ అంటారు. పాపం, ఆ పేటలలో కాపురమున్నవాళ్లు చేసిన నేరమేమీ లేదు. బెంగుళూరులో ఉన్న మనకు పేట పేరుతో పనిలేకపోయింది. ఆస్పత్రి పేరే చాలింది. కాలేజీ కుర్రవాళ్లు వేళాకోళానికి "వీణ్ణి నిమ్హాన్స్‌లో చేర్పించండిరా" అనడం మనమందరమూ విన్నదే. అంతకు ముందు తరంవారు కన్నడిగులతోపాటు "హుచ్చాస్పత్రె" అనేవారు.

ఆ ఆస్పత్రికే ఎన్ని పేర్లు మారాయో చూడండి. 19వ శతాబ్ది నడిమిలో మొదలైనప్పుడు అది ల్యునాటిక్ ఎసైలం. 1925లో మెంటల్ హాస్పిటల్ అయినది. 1930లలో హోసూరు రోడ్డు పక్కన ఇప్పుడున్న చోటికి వచ్చినది. 1954లో దానితో కలిసి అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసినది; డాక్టర్ ఎం.వి. గోవిందస్వామి గారి పేరు ఆ రోజులతో ముడిపడి ఉన్నది. 1974 డిసెంబరు 27న రెండూ ఒకటై నిమ్హాన్స్ అయినది. గేటు మీద బోర్డు మారినందువల్ల ఎవరికీ చిక్కు లేదు. లోపల రోగి కాగితం మీద వ్రాసే పేరు మారితే మాత్రం ఒక ఇంటి నడకే మారిపోతుంది. మేము చెప్పదలచినది ఆ సంగతి.

జ్వరానికి థర్మామీటరు ఉన్నది. చక్కెర జబ్బుకు రక్తపరీక్ష ఉన్నది. మనసు జబ్బుకు అటువంటిది ఈనాటికీ లేదు. డాక్టరు మనిషిని చూస్తారు, మాట వింటారు, ఇంటివాళ్లను అడుగుతారు, విన్నదానిని పుస్తకంలోని లక్షణాలతో సరిపోల్చుకుంటారు. ఆ పుస్తకాలు ముఖ్యంగా రెండు. ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐసీడీ. అన్ని రోగాల పట్టిక అది. మనసు జబ్బులకు అందులో ఒక అధ్యాయం దొరికినది 1948లో వచ్చిన ఆరవ కూర్పులో. రెండవది అమెరికా మనోవైద్యుల సంఘంవారి డీఎస్ఎం. 1952లో మొదటిసారి వచ్చినప్పుడు దానికి సుమారు 130 పేజీలు. 2013లో వచ్చిన అయిదవ కూర్పుకు 900 పైచిలుకు. మనిషి మనసుకు అరవై ఏళ్లలో అన్ని కొత్త రోగాలు పుట్టాయా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోవలసినదే. కొన్ని కొత్తగా గుర్తించినవి, కొన్ని ఒకటి రెండుగా చీలినవి, కొన్ని ఊరికే పేరు మార్చుకున్నవి. మన దేశపు ఆస్పత్రులు ఎక్కువగా ఐసీడీనే పాటిస్తాయి. అయినా డీఎస్ఎం గాలి ఇక్కడికీ వీస్తూనే ఉంటుంది.

మా చిన్నాయనకు 1966లో, ఇరవై రెండో ఏట, మొదటిసారి ఒళ్లు తెలియని ఉద్రేకం వచ్చినది. పగలనక రాత్రనక మాట్లాడేవాడు. తాను మైసూరు సంస్థానానికి దివాను కావలసినవాడినని చెప్పేవాడు. సంస్థానం పోయి అప్పటికి ఎంతకాలమైనదీ ఆయనకు అడ్డు రాలేదు. తాతగారు ఆయనను అమెరికాలో చదివి వచ్చిన ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన పరీక్షించి కాగితం మీద స్కిజోఫ్రీనియా అని వ్రాశారు. నెలన్నరకు చిన్నాయన నెమ్మదించి, మళ్లీ ఉద్యోగానికి పోయినాడు. ఆ పేరు మాత్రం నెమ్మదించలేదు.

మరుసటి సంవత్సరం మా మేనత్తకు చిత్తూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చినది. లగ్నం పెట్టుకొనేదాకా పోయినది. తాతగారు దాపరికం లేని మనిషి. కొడుకు సంగతి, డాక్టరు వ్రాసిన పేరుతో సహా, వియ్యాలవారికి చెప్పారు. వాళ్లు ఆ మాటకు అర్థం ఇంకెవరినో అడిగి తెలుసుకున్నారట. "చీలిపోయిన మనసు" అన్నారట, "వంశంలో ఉంటుంది" అన్నారట. పది రోజులకు ఒక పోస్టుకార్డు ముక్క వచ్చినది. మేనత్త పెళ్లి మరి మూడేళ్లకు హిందూపురంలో జరిగినది. ఆమె సంసారం చల్లగానే సాగినది. కానీ ఆ కార్డు వచ్చిన రోజు సంగతి ఆమె ఇప్పటికీ చెబుతుంది. చిన్నాయన మీద పిసరంత కోపం లేకుండా చెబుతుంది, అది విశేషం.

ఆ కాలంలోనే అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఒక పరిశోధన జరుగుతూ ఉండినదని మాకు చాలాకాలానికి గాని తెలియలేదు. న్యూయార్కు ఆస్పత్రులలో స్కిజోఫ్రీనియా రోగులు అంత ఎక్కువగానూ, లండనులో ఉన్మాదమూ విషాదమూ కలిసిన జబ్బువాళ్లు అంత ఎక్కువగానూ ఎందుకు ఉన్నారని రెండు దేశాల వైద్యులూ కలిసి విచారించారు. ఒకే రోగితో జరిపిన సంభాషణను చిత్రీకరించి ఇరుపక్షాల డాక్టర్లకూ చూపించారు. ఒక రోగి విషయంలో అమెరికా డాక్టర్లలో నూటికి 69 మంది స్కిజోఫ్రీనియా అన్నారు. బ్రిటిషువారిలో నూటికి ఇద్దరన్నారు. మనిషి అతనే, మాటలు అవే. సముద్రం దాటేసరికి జబ్బు మారిపోయినది! 1970ల మొదట్లో ఈ ఫలితాలు వెలువడినవి. లక్షణాలు ఇన్ని ఉండాలి, ఇన్నాళ్లు ఉండాలి అని లెక్కగట్టి చెప్పే పుస్తకం కావాలన్న పట్టుదలకు అదొక ముఖ్య కారణం. డాక్టర్ రాబర్ట్ స్పిట్జర్ ఆధ్వర్యాన 1980లో వచ్చిన డీఎస్ఎం మూడవ కూర్పు ఆ పని చేసినది. అమెరికాలో స్కిజోఫ్రీనియా అనే గొడుగు కురచ అయినది.

ఆ గాలి మా ఇంటికి తగిలినది 1984లో. చిన్నాయనకు అది అయిదవసారి. ఈసారి చూసినది ఒక చిన్న వయసు డాక్టరమ్మ, కన్నడ అమ్మాయి. ఆమె పాత కాగితంలోని పేరు చూసి పక్కన పెట్టి, "ఇంట్లో ఎవరైనా ఏదైనా వ్రాసి పెట్టారా?" అని అడిగినది. తాతగారు బళేపేటలో ఒక బట్టల అంగడిలో లెక్కలు వ్రాసినవారు. అలవాటు ప్రకారం ఇంటి చిట్టాలోనే కొడుకు సంగతి కూడా తేదీ వేసి వ్రాసేవారు. "మూడు రాత్రులు నిద్ర లేదు." "అప్పు చేసి పదకొండు గొడుగులు కొని వీధిలో పంచినాడు." "నేడు ఆఫీసుకు పోయినాడు, మామూలే." ఆ "మామూలే" అన్న మాట ఒక్కొక్కచోట రెండేళ్లపాటు నడుస్తుంది. డాక్టరమ్మకు తెలుగు రాదు. లిపి దగ్గరది కావడంవల్ల అక్షరాలు కూడబలుక్కున్నది. అర్థం మా మేనత్త చెప్పినది. తెల్లకాగితం మీద ఏళ్లు గీతగా గీసి, ఉద్రేకం వచ్చినచోట పైకి, దిగులు పడినచోట కిందికి గుర్తులు పెట్టుకుంటూ పోయినది. నడుమ అంతా చదునైన గీత. "ఇది స్కిజోఫ్రీనియా కాదండీ" అన్నది.

అది మానిక్ డిప్రెసివ్ సైకోసిస్ అన్నారు. లిథియం మొదలుపెట్టారు. ఉద్రేకాన్ని ఆ లవణం అణచగలదని ఆస్ట్రేలియాలో డాక్టర్ జాన్ కేడ్ 1949లోనే ప్రకటించి ఉన్నారు. మా చిన్నాయనకు ఆ తరువాత నలభై ఏళ్లలో వచ్చినవి రెండే రెండు దాడులు. అందులో ఒకటి ఆయనంతట ఆయనే మాత్రలు మానుకున్నప్పుడు. పేరు ఏదైతేనేమి, మనిషి ముఖ్యం అని చెప్పే పెద్దలు ఉన్నారు. మేము ఆ మాట పూర్తిగా ఒప్పుకోము. పేరు మారకపోతే మందు మారేది కాదు.

తరువాత పేరు ఇంకా మారుతూనే వచ్చినది. 1992లో పుస్తకంగా వెలువడిన ఐసీడీ పదవ కూర్పు ప్రకారం బైపోలార్ ఎఫెక్టివ్ డిజార్డర్, గుర్తు ఎఫ్ 31. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమలుకు వచ్చిన పదకొండవ కూర్పులో బైపోలార్ మొదటి రకం, గుర్తు 6ఏ60. మేము ఈమధ్య చూసిన కాగితాల మీద ఇంకా ఎఫ్ అక్షరమే ఉన్నది. చిన్నాయన ఇప్పుడు ఎనభై దాటిన మనిషి. లిథియం వాడేవారికి రక్తంలో దాని పాళ్లు, మూత్రపిండాలు, థైరాయిడు చూస్తూ ఉండాలి కనుక జయనగరంలోని పరీక్షశాలకు పోతూ ఉంటాడు. అక్కడి అమ్మాయి చీటీ నింపుతూ "తాతగారూ, ఏం జబ్బు అని వ్రాయమంటారు?" అని అడిగితే, "ఏ పుస్తకం ప్రకారం తల్లీ?" అన్నాడట.

మన ఇళ్లలో తిరిగే మాటలకూ ఈ గతి పట్టినది. నరాల బలహీనత అన్న మాట వినని తెలుగువాడు లేడు. గోడల మీద సున్నంతో వ్రాసిన ప్రకటనలు ఎన్ని చూడలేదు మనం! ఇంగ్లీషులో దాని జోడు న్యూరస్తీనియా. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికా వైద్యుడు దానిని ప్రచారంలోకి తెచ్చినాడు. అమెరికావారు 1980లో తమ పుస్తకంలోంచి తీసేశారు. ఐసీడీ పదవ కూర్పు దాకా ఉండి, పదకొండవదానిలో అక్కడినుంచి కూడా పోయినది. నరాలు మాత్రం మన మేనమామలకు ఇంకా బలహీనంగానే ఉన్నవి. హిస్టీరియా కూడా అంతే. పుస్తకంలోంచి పోయి నలభై ఏళ్లు దాటినా, కొత్త కోడలు మూర్ఛపోతే ఆ మాట అనే అత్తగార్లు ఇంకా ఉన్నారు.

పూనకం సంగతి వేరు. జాతరలో గణాచారికి అమ్మవారు పూనితే అది జబ్బు అని మనం ఎన్నడూ అనుకోలేదు. ఐసీడీ కూడా అనలేదు. ఆచారంలో భాగంగా అందరూ ఒప్పుకొన్న పూనకాన్ని మినహాయించి, మనిషి ఇష్టంతో పనిలేకుండా వచ్చి బాధపెట్టేదానినే జబ్బుగా లెక్కించమన్నది. పెద్ద పుస్తకంవారికి మన ఊరి కొలుపుల సంగతి కొంత తెలిసినట్టే ఉన్నది.

ఇక పుస్తకంలో ఉండకూడనిది ఉండి, తరువాత పోయిన సంగతి ఒకటి ఉన్నది. మగవాడు మగవాడిని, ఆడది ఆడదానిని ప్రేమించడం రోగమని డీఎస్ఎంలో మొదటినుంచీ ఉండేది. 1973 డిసెంబరులో అమెరికా సంఘంవారు దానిని తీసివేయాలని తీర్మానించారు. కొందరు సభ్యులు ఎదురు తిరిగితే 1974లో ఓటు పెట్టారు. ఓటు వేసినవారిలో నూటికి 58 మంది తీర్మానం పక్షాన నిలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసివేసినది. మన సుప్రీంకోర్టు అది నేరం కాదన్నది 2018 సెప్టెంబరు 6న. రోగం అవునా కాదా అని ఓటు వేసి తేల్చడమేమిటని అప్పుడు ఎగతాళి చేసినవారున్నారు. ఆ పేరు పుస్తకంలో ఎక్కినప్పుడు మాత్రం ఎవరు ఏ పరీక్ష చేసి ఎక్కించారు గనుక?

పుస్తకం మారుతుంది. చట్టంలో ఎక్కిన మాట అంత తొందరగా మారదు. 1955 నాటి హిందూ వివాహ చట్టాన్ని 1976లో సవరించినప్పుడు, విడాకులకు కారణమయ్యే మానసిక వ్యాధిని వివరిస్తూ అందులో స్కిజోఫ్రీనియా అనే పేరును ప్రత్యేకించి చేర్చారు. ఇది మా చిన్నాయనకు ఆ పేరు ఉన్న రోజులలోనే. ఆయన పెళ్లి చేసుకోలేదు కనుక కోర్టుకు పోలేదు, అంతే. ఆ మాట చట్టంలో ఈనాటికీ ఉన్నది. అయితే కోర్టులు దానికి కళ్లెం వేశాయి. 1988లో, బెంగుళూరులో వకీలుగా పేరు పొందిన జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య గారు, జబ్బు పేరు చూపితే చాలదు, అది ఏ పాటి ఉన్నది, దానితో కాపురం సాగుతుందా లేదా అని తూచాలి అనే అర్థం వచ్చేట్టు తీర్పు చెప్పారు. 2013 సెప్టెంబరులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వచ్చిన ఒక తెలుగు దంపతుల వ్యాజ్యంలో కూడా సుప్రీంకోర్టు ఆ దారినే పోయినది. భర్త విడాకులు కోరినాడు. చికిత్సతో లొంగే జబ్బును పట్టుకొని భార్యను వదిలిపెట్టడానికి వీల్లేదన్నారు. ఆ తీర్పు చదివినప్పుడు మేనత్త చాలాసేపు మాట్లాడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. రోగనిర్ణయం దేశంలోనో ప్రపంచంలోనో అంగీకృతమైన వైద్య ప్రమాణాలను బట్టి, ఐసీడీ తాజా కూర్పుతో సహా, జరగాలన్నది. వెనుక ఎప్పుడో చికిత్స పొందినంత మాత్రాన ఇప్పుడూ రోగి అనకూడదన్నది. జబ్బు ఉన్నదని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని కాదు, ఆ మాట కోర్టు చెప్పాలన్నది. సంబంధాలు చూసే పెద్దలకు ఈ మూడవ సెక్షనును ఎవరైనా తెలుగులో అచ్చువేసి పంచితే మంచి పని చేసినవారవుతారు.

పుస్తకం మారినందువల్ల ఏడ్చి, తరువాత మేలు పొందిన ఇల్లు కూడా మా బంధువులలోనే ఉన్నది. మేనత్త మనుమడికి 2010లో, ఆరేళ్ల వయసున, ఆస్పర్జర్ అన్నారు. రైళ్ల వేళలన్నీ కంఠతా వచ్చు, ఎదుటివాడి ముఖం మాత్రం చూడడు. తల్లి ఆ పేరుతో రాజీపడినది. కొంత గర్వపడినది కూడాను, ఆస్పర్జర్ పిల్లలు తెలివైనవాళ్లని ఎక్కడో చదివి. 2013లో డీఎస్ఎం అయిదవ కూర్పు ఆ పేరును తీసివేసి, అంతా ఆటిజం స్పెక్ట్రమ్ అన్నది. ఐసీడీ పదకొండవ కూర్పూ అదే చేసినది. "నా బిడ్డకు ఆటిజం అంటారేమిటి, మొన్నటిదాకా లేనిది?" అని ఆమె ఏడ్చినది. అయితే సర్కారు తూకం వేరు. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు రకాలలో ఆటిజం లేదు. 2016 చట్టంలోని ఇరవై ఒకటిలో ఆటిజం స్పెక్ట్రమ్ అని ఆ పేరుతోనే ఉన్నది. ఆ కొత్త పేరుతోనే పిల్లవాడికి సర్టిఫికెట్టు వచ్చినది, పరీక్షలో అదనపు సమయం దొరికినది. అతడు మాత్రం పాత పేరే బాగున్నదంటాడు. అది ఒక మనిషి పేరులా ఉన్నదట. ఆ మాట నిజమే. వియన్నాలో ఉండిన పిల్లల వైద్యుడి పేరు అది.

దుఃఖం సంగతి చెప్పి ముగిస్తాము. అమెరికా పుస్తకం నాలుగవ కూర్పులో, ఆప్తులు పోయిన రెండు నెలలలోపు కనిపించే దిగులును మామూలుగా డిప్రెషన్ అనవద్దని ఒక మినహాయింపు ఉండేది. 2013లో దానిని తీసేశారు. దుఃఖంలో ఉన్నవాళ్లకు నిజంగా డిప్రెషన్ వస్తే చికిత్స అందకుండా పోతుందని వారి వాదం. ఏడుపును కూడా రోగం చేశారని ఎదుటివారి వాదం. ఆ తరువాత దీర్ఘకాల శోకం అని ఒక కొత్త జబ్బే ఏర్పడినది. ఐసీడీ పదకొండవ కూర్పు దానికి ఆరు నెలలు గడువు పెట్టి, ఆయా సమాజాల ఆచారాన్ని మించి ఉంటేనే జబ్బు అనమన్నది. అమెరికావారు 2022లో పెద్దవాళ్లకు పన్నెండు నెలలన్నారు. మన పెద్దలు ఏ పుస్తకమూ లేకుండానే ఏడాది అన్నారు. నెలనెలా మాసికం పెట్టి, ఏడాది పండుగలు మాని, ఆబ్దికంతో బయటపడమన్నారు. అది వైద్యమని మేము అనము. ఏడాది దాటినా లేవలేక కుమిలిపోయేవాళ్లను మేము చూశాము. వాళ్లకు ఆచారం చాలదు, డాక్టరు కావలసినదే.

మా పెద్దనాయన 2021 మే నెలలో కోవిడ్‌తో పోయినాడు. కడచూపు కూడా దక్కలేదు. పెద్దమ్మ రోజూ తెల్లవారి రెండు గ్లాసుల కాఫీ కలిపి, ఒకటి ఆయన కుర్చీ పక్కన పెట్టేది. డిసెంబరు వచ్చినా మానలేదు. కొడుకు కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి. ఆరు నెలల గడువు సంగతి ఎక్కడో చదివి బెదిరిపోయి, తల్లిని డాక్టరు దగ్గరకు తీసుకువచ్చినాడు. ఆయన పెద్ద వయసు మనిషి. నిద్ర పడుతున్నదా, అన్నం తింటున్నారా, ఆయన లేరని తెలుసునా, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తున్నదా అని ఒక్కొక్కటే అడిగినారు. తరువాత, "మీలో ఎన్నాళ్లు పాటిస్తారమ్మా?" అని అడిగినారు. "ఏడాది" అన్నది పెద్దమ్మ. "అయితే ఇప్పుడే మాత్రలు వద్దు, పదిహేను రోజులకొకసారి వచ్చి నాతో మాట్లాడి పొండి. నిద్ర చెడినా, తిండి మానినా ఆ రోజే రండి" అన్నారు. ఆమె తప్పకుండా పోయి వచ్చేది. మరుసటి ఏడు ఆబ్దికం జరిగినది. రెండో గ్లాసు ఇప్పటికీ కలుపుతుంది. ఏడు గంటలకు పూలమ్మే ఆమె గుమ్మంలోకి వస్తే, ఆమెకు ఇస్తుంది.